నడుం నొప్పే లేదు, కాలు మాత్రం నాది కానట్టుంది

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కుడి పిక్క వెనక నీళ్ళు కారుతున్నట్టు ఉంటోంది, చెయ్యి పెట్టి చూస్తే తడి లేదు. పాదం కింద గుడ్డ మడత పెట్టుకుని నడుస్తున్నట్టుంది. రొయ్యల చెరువు గట్టు మీద పోతుంటే కుడికాలి చెప్పు జారిపోయింది, పది అడుగులు వేశాక గానీ మీకు తెలియలేదు. ఇలా రెండు నెలలు. షుగర్ లేదు, రాత్రిపూట తీసిన రక్తంలో ఫైలేరియా లేదు, కాలి సిరల్లో రక్తం పారుదల చూసే డాప్లర్ స్కాను బాగానే ఉంది. చివరికి ఎమ్మారైలో ఎల్5–ఎస్1 మధ్య, అంటే నడుము ఆఖరి ఎముకకీ దాని కింది త్రికాస్థికీ మధ్య, డిస్కు జారి కుడివైపు ఎస్1 అనే నరాన్ని నొక్కుతోందని వచ్చింది. ఒక డాక్టరు గారు ఆపరేషన్ అన్నారు, ఇంట్లోవాళ్ళు "నడుం ఒక్కరోజు కూడా నొప్పెట్టలేదు, నడుముకి ఆపరేషన్ ఏంటి" అంటున్నారు. ఎవరి మాట నిజం అని మీ ప్రశ్న.

డిస్కు వల్ల ఇదంతా వస్తుందా అంటే వస్తుందండి. నడుము ఊరుకుని కాలు ఒక్కటే గోల చెయ్యడం అంత అరుదేమీ కాదు. కాకపోతే జనం బయటికి చెప్పరు, చెబితే పిచ్చి అనుకుంటారని భయం. నేను ఫిజియోథెరపిస్టుని, కోనసీమలో 22 ఏళ్ళుగా ఇదే పని. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాళ్ళు, కాయ ఒలిచేవాళ్ళు, ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళు, మీలాగా చెరువుల మీద ఉండేవాళ్ళు, ఈమధ్య ఇంట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని హైదరాబాద్ ఉద్యోగం చేసే కుర్రాళ్ళు, అందరూ వస్తారు. వాళ్ళు చెప్పే మాటలు ఒక పుస్తకంలో రాసుకునే అలవాటు నాకు. బొటనవేలికి దారం గట్టిగా చుట్టినట్టుంది అన్నాడు ఒకాయన. జేబులో ఫోన్ మోగుతోందని తొడ తడుముకుంటాను, ఫోను టేబుల్ మీదే ఉంటుంది అన్నాడు ఇంకొకాయన. కారం రాసినట్టు, చీమలు పాకినట్టు, పాదం కింద ఇసుక పోసినట్టు, ఇవి మామూలే. ఊడ్పులకి వెళ్ళే ఒకావిడ అయితే "చేలోంచి వచ్చి చీర మార్చుకున్నానండీ, అయినా తడిచీర పిక్కకి అంటుకునే ఉందండీ, ఆయ్, వారం అయింది" అంది. వాళ్ళాయన పక్కనే నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అంతకు ముందు మూడేళ్ళ కింద నా ఎడమకాలి సాక్సు తడిసిందని రోజుకి నాలుగుసార్లు విప్పి చూసుకున్నవాణ్ణి నేను. నాదీ మీ ఎస్1 నరమే.

ఈ తడి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, బాగుంటుంది. మన చర్మంలో తడిని పట్టే ప్రత్యేకమైన నరం కొస అంటూ ఏదీ లేదు. చల్లదనాన్ని పట్టేవి ఉన్నాయి, తాకిడిని పట్టేవి ఉన్నాయి. ఆ రెండూ ఒకేసారి వస్తే మెదడు "ఓహో, నీళ్ళు" అని తనే లెక్క వేసుకుంటుంది. నడుము దగ్గర నరం నలిగినప్పుడు అందులో చల్లదనం మోసే పోగులు, తాకిడి మోసే పోగులు కలిసి తప్పుడు కబురు పంపితే మెదడు పాపం పాత లెక్కే వేస్తుంది. అంటే మీ పిక్క మీద నీళ్ళు లేకపోయినా మీకు అనిపించేది అబద్ధం కాదు. ఏ పోగులు ఎక్కువ నలిగితే ఆ వేషం: ఒకరికి మంట, ఒకరికి మొద్దు, ఒకరికి చలి, ఒకరికి రాత్రిళ్ళు పిక్క పట్టేసి మంచం మీంచి లేపెయ్యడం. పిక్కలో కండ చర్మం కింద వానపాములా కదలడం కూడా చూశాను, నరం విసిగినప్పుడు కండ అలా అదురుతుంది.

మరి నొక్కింది నడుములో అయితే తెలిసేది కాలిలో ఎందుకు? మన డెల్టాలో ఉన్నవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. కాలవకి పైన ఎక్కడో గుర్రపుడెక్క అడ్డం పడిందనుకోండి, ఎండేది అక్కడ పక్కనున్న చేను కాదు, శివారు చేను. ఆ రైతు బోదె తవ్వుకుంటూ కూర్చుంటే లాభం లేదు. మీరు డాప్లర్ తీయించుకున్నది కూడా శివారు బోదె తవ్వడమే, అయినా తప్పు పట్టను, ఆ పరీక్షలు చేయించడం మంచిదే.

వెన్నుపాము అనేది మొత్తం వెన్ను పొడుగునా ఉండదు. నడుము మొదట్లో, ఎల్1–ఎల్2 ఎముకల దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి కిందికి నరాలు గుర్రపు తోకలా విడివిడిగా వేలాడుతూ దిగి, ఒక్కో అంతస్తులో ఒక్కో జత బయటికి పోతుంది. డిస్కు అంటే రెండు ఎముకల మధ్య మెత్త: బయట గట్టి పొరలు, లోపల జిగురులాంటి గుజ్జు. నొప్పి తెలిసేది బయటి పొరల్లోనే, లోపల గుజ్జుకి నొప్పి తెలియదు. పొర మెల్లగా చిరుగుతున్నప్పుడు నడుము పీకుతుంది, తీరా చిరిగి గుజ్జు బయటికి వచ్చేశాక లోపలి ఒత్తిడి తగ్గి నడుం నొప్పి మాయమై కాలు మొదలవుతుంది. మీ విషయంలో కూడా, గుర్తు తెచ్చుకోండి, ఆరు నెలల కిందో ఏడాది కిందో మేత బస్తా ఎత్తినప్పుడు నడుము పట్టేసి రెండు రోజులు వంకరగా నడిచి మర్చిపోయిన సందర్భం ఉందేమో. చాలామందికి ఉంటుంది. పైగా నరానికి బాధ ఒత్తిడి వల్లే కాదు, ఆ గుజ్జు తగిలితేనే నరం వాస్తుంది. అందుకే స్కానులో చిన్నగా కనిపించిన డిస్కు కొందరిని మంచాన పడేస్తుంది, పెద్దది ఉన్నవాడు సైకిల్ తొక్కుకుంటూ వస్తాడు.

స్కాను రిపోర్టు చూసి హడలిపోకూడదు అనేది కూడా ఇందుకే. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, వాళ్ళలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించింది. ఏ బాధా లేనివాళ్ళకండి! కాబట్టి డిస్కు జారిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. జారిన డిస్కు, మీ కాలు చెప్పే కథ, రెండూ ఒకే నరాన్ని చూపిస్తున్నాయా లేదా అన్నదే చూడాలి.

మీ విషయంలో చూపిస్తున్నాయి. ఎల్5–ఎస్1 దగ్గర మామూలుగా జారే వైపు జారితే నలిగేది ఎస్1 నరం. దాని మేర పిక్క వెనక, మడమ, అరికాలు, పాదం బయటి అంచు, చిటికెనవేలు. మీరు చెప్పిన జాగా అచ్చంగా అదే. దానికి ఒక అంతస్తు పైన, ఎల్4–ఎల్5 దగ్గర జారితే ఎల్5 నరం: పాదం పైభాగం, బొటనవేలు. అప్పుడు బొటనవేలు పైకి లేవదు, మెట్టు ఎక్కుతుంటే ముందు పాదం తగులుకుంటుంది. ఇంకా పైన ఎల్4 అయితే మోకాలి కింద లోపలివైపు మొద్దు, మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి మడతపడిపోవడం. ఎక్కువ శాతం డిస్కులు కింది రెండు అంతస్తుల్లోనే జారతాయి కాబట్టి ఎల్5, ఎస్1 తెలిస్తే మనకి చాలు.

ఇప్పుడు అసలు మాట. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది నీళ్ళు కాదు, చెప్పు. మొద్దు వల్ల చెప్పు జారడం తెలియకపోవచ్చు, అది ఒకటి. వేళ్ళతో చెప్పుని పట్టుకునే బలం తగ్గి జారిపోవచ్చు, అది వేరు. మొదటిది ఓపిక పట్టదగ్గది, రెండోది లెక్క పెట్టవలసింది. ఇవాళే చేసి చూడండి: గోడకి రెండు వేళ్ళు ఆనించి, ఎడమకాలి మీద నిలబడి, మునివేళ్ళ మీద లేచి దిగండి, మోకాలు వంచకుండా, పూర్తి ఎత్తుకి. ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోండి. తర్వాత కుడికాలు. ఒక్కసారి లేచి చూసుకుని బానే ఉంది అనుకోవద్దు. పిక్క కండ ఎంత బలమైనదంటే, సగం బలం పోయినా డాక్టరు గారు చేత్తో నొక్కి చూస్తే మామూలుగానే అనిపిస్తుంది. పదిసార్లు, పదిహేనుసార్లు లేపితే గానీ దొంగ బయటపడదు. ఎడమ 20 వచ్చి కుడి 18 వస్తే నిశ్చింతగా ఉండండి. ఎడమ 20 వచ్చి కుడి 6 దగ్గర మడమ వణికి పడిపోతే బలం తగ్గిందని లెక్క. ఒక్కసారి కూడా లేవకపోతే ఈ వారంలోనే వెన్నెముక సర్జన్ ముందు ఉండండి. తర్వాత మడమల మీద గది దాటి నడవండి, ముందు పాదాలు నేలకి తగలకుండా. టైలరు టేపుతో రెండు పిక్కలూ ఒకే ఎత్తులో కొలిచి పెట్టుకోండి. వారానికోసారి ఇదే.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఒక దింపు కార్మికుడి సంగతి చెబుతాను. ఎడమకాలు కరెంటు తీగలా లాగేస్తోందని వచ్చాడు, మూడు వారాలు నరకం చూశాడు. ఒకరోజు నవ్వుతూ గెల బొండాలు పట్టుకుని వచ్చాడు, నొప్పి పోయిందండీ, దేవుడు చూశాడు అని. బొండాలు పక్కన పెట్టి నడవమన్నాను. ఎడమ పాదం నేల మీద టప్, టప్ అని పడుతోంది. పాదం పైకి లేపే బలం పోయింది. నొప్పి మోసే పోగులు కూడా అలిసిపోయి ఊరుకున్నాయి, ఆయన దాన్ని నయం అనుకున్నాడు. అప్పటికి ఎన్ని రోజులైందో ఆయనకే తెలియదు. ఆపరేషన్ చేయించుకున్నాడు, కొంత బలం వచ్చింది, పూర్తిగా రాలేదు, ఇప్పటికీ పాదానికి ప్లాస్టిక్ చట్రం వేసుకుంటాడు. చెట్టెక్కడం మానేసి కాయల లెక్క రాస్తున్నాడు. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ నొప్పి ఎంత అని రెండోసారి అడుగుతాను, బలం ఎంత అని మొదట చూస్తాను.

ఇంకో మాట, ఇది మీకు లేదని మీరు రాసినదాన్నిబట్టి అర్థమైంది గానీ తెలిసి ఉండాలి. సైకిల్ సీటు తగిలే చోట, అంటే మర్మాంగం, మలద్వారం చుట్టూ, మొద్దుబారినా, మూత్రం నిండినా రాకపోయినా, వస్తున్నట్టు తెలియకపోయినా, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడినా అది గుర్రపుతోక మొత్తం నలగడం. అప్పుడు ఫిజియోథెరపీ లేదు, కషాయం లేదు, తెల్లారాక రేవు దాటే పంటు ఎక్కుదాం అనేది అసలే లేదు. ఆ రాత్రే కాకినాడో రాజమండ్రో, ఎమ్మారై, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి పోవాలి. 48 గంటలు అని ఒక లెక్క చెబుతారు గానీ అది ఆగడానికి ఇచ్చిన గడువు కాదు, ఎంత ముందైతే అంత మేలు.

అది కాకుండా, బలం స్థిరంగా ఉంటే, ఆపరేషన్‌కి తొందర లేదు. బయటికి వచ్చిన గుజ్జుని శరీరం పరాయి వస్తువులా చూసి మెల్లగా తినేస్తుంది. విచిత్రం ఏంటంటే పూర్తిగా తెగి బయటపడ్డ పెద్ద ముక్కలే చిన్న ఉబ్బుల కంటే ఎక్కువగా కరుగుతాయి. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో కాలి బాధ బాగా తగ్గుతుంది. మీకు ఎనిమిది వారాలు దాటాయి, పోనుపోను తగ్గుతోందా, అలాగే ఉందా, పెరుగుతోందా మీరు రాయలేదు. అలాగే ఉండి పని చేసుకోలేకపోతుంటే ఆపరేషన్ గురించి మాట్లాడటం తప్పేమీ కాదు, ఆ డాక్టరు గారు మిమ్మల్ని భయపెట్టారని నేను అనను. కానీ ఒకటి అడగండి: దేనికోసం చేస్తున్నారు? కాలి నొప్పికి ఈ ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. తగ్గిపోతున్న బలాన్ని ఆపడానికి చేస్తారు. మొద్దు కోసమో, నీళ్ళు కారినట్టు ఉండటం కోసమో ఒక్కదానికే అయితే నేను ఇంకొకరి సలహా కూడా తీసుకుంటాను, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత కూడా ఆఖరున పోయేది మొద్దే. దెబ్బతిని మళ్ళీ పెరగాల్సిన నరం పోగు రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. నడుము నుంచి అరికాలికి ఎంత దూరమో మీరే కొలుచుకోండి.

మీ ఇంట్లోవాళ్ళు సూచించినవాటి మీద కూడా చెబుతాను, కోపగించుకోవద్దు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుము తన్నించుకోవడం మన దగ్గర ఇప్పటికీ ఉంది. కండరం పట్టేసినవాడికి రెండు రోజుల్లో ఎలాగూ తగ్గుతుంది, పుణ్యం కాళ్ళవాడికి వస్తుంది. మీకు నరం మీద డిస్కు కూర్చుని ఉంది, అక్కడ తన్నించుకోకండి. మొద్దుగా ఉన్న కాలికి వేడినీళ్ళ సంచీ, ఇటుక కాపడం లాంటివి ఏవీ వద్దు. కాలుతున్నట్టు తెలియదు, బొబ్బలు వచ్చాక తెలుస్తుంది, నేను చూసిన పాదం పుండ్లలో కొన్ని ఇలా వచ్చినవే. చెరువు గట్టు మీద వట్టి కాళ్ళతో నడవడం కూడా ఇప్పుడు మానండి, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి, రాత్రి పడుకునే ముందు అరికాలు చూసుకోండి, గుల్లపెంకు గుచ్చుకున్నా మీకు తెలియదు. పేరూ ఊరూ లేని పొట్లం మాత్రలు వేసుకుంటే మర్నాడే లేచి తిరుగుతారు, అందులో స్టెరాయిడ్ ఉంటే తర్వాత కడుపు, షుగర్, ఎముకలు లెక్క చెబుతాయి. ఇక నరాల బిళ్ళలు. బీ12 తక్కువగా ఉంటే బీ12 పనిచేస్తుంది, రక్తంలో చూపించుకోండి, సరిపడా ఉంటే అదనంగా మింగి ఒరిగేది లేదు. నరాల నొప్పికి ప్రీగాబలిన్ అనే మందు చాలామందికి రాస్తారు. 2017లో ఆస్ట్రేలియాలో కాలికి దిగే ఈ నొప్పి మీదే దాన్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే నొప్పిలో తేడా రాలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. మీరు వాడుతుంటే మటుకు ఒక్కసారిగా ఆపకండి, రాసినవారితో మాట్లాడి మెల్లగా తగ్గించుకోండి.

మంచం పట్టి పడుకోవడం కూడా పాతకాలం మాట. రోజుకి నాలుగైదుసార్లు, పది పదిహేను నిమిషాలు చదునైన నేల మీద నడవండి. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపి రెండు నిమిషాలు ఉండి చూడండి. ఇది న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ పద్ధతిలోది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: అలా చేశాక పాదంలో ఉన్నది పిక్కకి, పిక్కలోది తొడకి పైపైకి వస్తుంటే, నడుము కాస్త పీకినా సరే, మంచి గుర్తు, కొనసాగించండి. కిందికి దిగి పాదంలో ఎక్కువైతే అప్పుడే ఆపేయండి. అందరికీ ఒకటే వ్యాయామం అని వీడియోల్లో చెప్పేవాళ్ళని నమ్మకపోవడానికి ఇదే కారణం.

పని మాటకొస్తే మీ చెరువులో నడుముని చంపేది బస్తా ఒక్కటే కాదు, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేని వంగి చెయ్యి చాచి పైకి లాగడం కూడా. వంగడం, చాచడం, నీళ్ళ బరువు, మూడూ కలుస్తాయి. కొన్నాళ్ళు ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. బస్తాలు నేల మీద కాకుండా నడుం ఎత్తు అరుగు మీద దింపించుకోండి, మేత బకెట్లో సగం సగం తీసుకెళ్ళండి. గట్టు మీద బైక్ ఎక్కువసేపు వద్దు, గతుకుల కన్నా కూర్చునే తీరే చెడ్డది. దగ్గినా తుమ్మినా కాలిలోకి ఝమ్మని వస్తుంటే గోడ పట్టుకుని నడుము నిటారుగా పెట్టి తుమ్మండి, నవ్వులాట కాదు, నేను ఆరు నెలలు అలాగే తుమ్మాను.

డిస్కు కానివి కూడా ఇదే వేషం వేస్తాయి కాబట్టి, మీ కోసం కాకపోయినా ఇది చదివే మరొకరి కోసం. ఊడ్పుల్లో, కలుపులో గంటల తరబడి గొంతుక్కూర్చుంటే మోకాలి బయటివైపు ఎముక గుబ్బ దగ్గర నరం నలిగి ముందు పాదం పైకి లేవక వేలాడిపోతుంది, నడుముకి సంబంధమే లేదు. అక్కడే నరం తాడులా లావుగా తగిలి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్టు పరీక్ష చేయించాలి, మందు ఉచితం, సిగ్గుపడాల్సింది లేదు. రెండు పాదాలూ మేజోడు వేసుకున్నంత మేర మొద్దుగా ఉంటే ముందు షుగర్, బీ12. బెల్టు బిగించి కట్టేవాళ్ళకి తొడ బయటివైపు అరచేయంత మేర మండితే బెల్టు వదులు చెయ్యడమే వైద్యం. ఒక పిక్క ఉన్నట్టుండి వాచి వేడిగా ఉంటే అది సిరలో గడ్డ కావచ్చు, ఆ రోజే చూపించాలి.

మీరు మునివేళ్ళ లెక్క, పిక్క కొలత, రెండు నెలల కిందటికీ ఇప్పటికీ తేడా రాసి పంపండి. సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఎమ్మారై ఫిల్ములతో పాటు ఆ కాయితం కూడా చూపించండి, మడమ వెనక సుత్తితో కొట్టి రిఫ్లెక్స్ చూడమని అడగండి. అది రాకపోయినంత మాత్రాన కంగారు పడకండి, నాది పోయి పదేళ్ళు దాటింది, ఇప్పటికీ తిరిగి రాలేదు, ఎడమకాలి మీద 22 సార్లు లేస్తాను.